నాగలి యను మాట

హైదరాబాదు మహానగరమున శ్రీనగర్ కాలనీ యను పేట యొకటి కలదు. దాని చెంతనే జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ఉన్నవి. తెలుగు చలనచిత్రములు నిర్మించువారి కార్యాలయములును, నటీనటుల గృహములును ఆ ప్రాంతమున మెండు. అచ్చటి వీధుల వెంట ఎంత దూరము నడచినను దుక్కి దున్ను ఎడ్లజత కానరాదు. అయినను ఆ వీధులలో పెరుగు బాలుని నిలిపి, "నాగలి యననేమి?" అని అడిగినచో అతడు తడవుకొనక చెప్పగలడు. పొలమున ఎన్నడును అడుగిడని బాలునకు ఈ మాట ఎట్లు తెలిసెను? తాతగారి నోట వినియుండవచ్చును. పుస్తకములోని బొమ్మ చూచియుండవచ్చును. లేదా పాత చలనచిత్రములవలన తెలిసియుండవచ్చును. 1955వ సంవత్సరమున వెలువడిన "రోజులు మారాయి" చిత్రమునకు కొసరాజు రాఘవయ్య చౌదరి వ్రాసిన ఏరువాక పాట నేటికిని తెలుగువారి చెవులలో మారుమ్రోగుచునే యున్నది. పనిముట్టు కనుమరుగైన చోటను దాని పేరు బ్రదికియుండుట వింత కాదా?

పేరునకు ఇట్టి శక్తి కలదు కావుననే, ఆ పేరు ఎక్కడిదో తెలిసికొనవలెనను కుతూహలము పండితులకు కలిగినది. రాజుల చరిత్ర శాసనములలో ఉండును. దేవాలయముల చరిత్ర రాళ్లమీద ఉండును. రైతు చరిత్రను ఎవ్వరును రాతిమీద అంతగా చెక్కింపలేదు. అది చాలవరకు అతడు వాడిన మాటలలోనే దాగియున్నది.

మొదట నాగలిని ఒకమారు చూతము. రైతు చేతితో పట్టుకొను పిడి మేడి. భూమిలో దిగి మట్టిని చీల్చు ఇనుపముక్క కర్రు. ఎడ్ల మెడలపై నిలుచు అడ్డుకొయ్య కాడి. కర్రు పోయిన దారి నాగేటిచాలు. జ్యేష్ఠ పూర్ణిమనాడు రైతులు నాగలిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, ఎడ్లను అలంకరించి, తొలిచాలు దున్నుదురు. అదియే ఏరువాక పున్నమి. ఇచ్చట "ఏరు" అనగా నది కాదు; ఎడ్లను పూన్చిన నాగలి. తమిళమునను "ఏర్" అను మాట ఈ యర్థముననే కలదు.

ఇన్ని మాటలలో ఏవి మన పూర్వులనుండి నేరుగా వచ్చినవి? ఏవి ఇతరులనుండి వచ్చినవి? చెవికి వినబడు పోలికను బట్టి వెంటనే తీర్పు చెప్పుట తగదు. నాగలిలో "నాగు" వినబడుచున్నదని పామునకును దానికిని చుట్టరికము కట్టుట తేలిక. కాని అది సత్యము కాదు. శబ్దముల పుట్టుక తెలిసికొనుటకు ఒక పద్ధతి కలదు. ఆ పద్ధతి ఎంత బలమైనదో తెలియుటకు, మన పొలమును కొంతసేపు విడిచి, ఐరోపా ఖండమునకు పోయి అచ్చటి కళ్ళములోనికి తొంగిచూతము.

మన రైతులు ధాన్యమును ఎడ్లచేత త్రొక్కించి నూర్చెడివారు. ఐరోపా రైతులు చాలచోట్ల ఒక కఱ్ఱపనిముట్టుతో పంటను కొట్టి గింజలు రాల్చెడివారు. పొడుగైన కఱ్ఱకు కొసను తోలుముక్కతో మరియొక పొట్టికఱ్ఱను కట్టుదురు. పెద్దకఱ్ఱను పట్టుకొని విసరినచో చిన్నకఱ్ఱ గిరగిర తిరిగి వెన్నులపై పడును. ఈ పనిముట్టును జర్మనులు ఫ్లేగెల్ అందురు; ఆంగ్లేయులు ఫ్లెయిల్ అందురు; డచ్చివారు వ్లేగెల్ అందురు. ఈ మూడును జర్మానిక్ కుటుంబమునకు చెందిన భాషలు. మూడింటను మాట ఒకటే కావున, అది వారి పూర్వుల సొత్తే యని ఎవరైనను తలంచెదరు.

కాని లాటిన్ భాషలో "ఫ్లాగెల్లుమ్" అను మాట కలదు. దాని అర్థము కొరడా. విసరినప్పుడు కొస తిరిగి దెబ్బ కొట్టు సాధనమునకు ఆ పేరు చక్కగా సరిపోవును. రోమనులు పాలించిన కాలమున, ఆ పిమ్మట, జర్మానిక్ జనులు లాటిన్ మాటలాడువారితో ఇరుగుపొరుగుగా మెలగిరి. వారినుండి ఈ మాటను గ్రహించిరి. ఇది ఊహ మాత్రమే కాదా యని మీరడుగవచ్చును. కాదు, నిదర్శనము చూడుడు.

లాటినును జర్మానిక్ భాషలును మిక్కిలి పూర్వమున ఒకే తల్లినుండి పుట్టినవి. ఆ తల్లి ధ్వనులు ఇద్దరు బిడ్డలలో వేర్వేరుగా మారినవి. కాని ఇష్టము వచ్చినట్లు మారలేదు, ఒక క్రమమున మారినవి. లాటినులో మాట మొదట "ఫ" ఉన్నచోట జర్మానిక్ భాషలలో తరచుగా "బ" వచ్చును. లాటినులో సోదరుడు ఫ్రాతెర్. ఆంగ్లమున బ్రదర్, జర్మనున బ్రూడర్. లాటినులో పువ్వు ఫ్లోస్, జర్మనున బ్లూమె. ఈ క్రమము ననుసరించి చూడగా, కొరడా యను మాట తల్లినుండి నేరుగా జర్మనులకు సంక్రమించియున్నచో, అది "బ్ల" తో మొదలు కావలెను. అట్లు గాక "ఫ్ల" తోనే యున్నది. కావున అది తల్లి యిచ్చిన ఆస్తి కాదు, పొరుగింటినుండి వచ్చిన సొమ్ము. ఒక్క అక్షరమే సాక్ష్యము చెప్పినది!

కొడవలికి ఆంగ్లేయులు వాడు "సికిల్", జర్మనులు వాడు "జిఖెల్" అను పేర్లును ఇట్టివే. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున నుండిన వర్రో అను రోమను పండితుడు, కంపానియా ప్రాంతమున కొడవలిని "సేకుల" అందురనియు, కోయుట యను క్రియనుండి ఆ పేరు వచ్చినదనియు వ్రాసెను. ఆ సేకులయే ఉత్తరమునకు పోయి సికిల్ అయినది. మన కొడవలి పేరు వేరు విధమున పుట్టినది. "కొడు" అనగా వంపు. "వాలు" అనగా కత్తి. వంకరకత్తియే కొడవలి. తమిళమున "కొడువాళ్" అనియే అందురు. రోమనుడు ఆ పనిముట్టు చేయు పనిని చూచి పేరు పెట్టెను. మన పూర్వుడు దాని రూపమును చూచి పేరు పెట్టెను.

మరియొక సంగతి. ఫ్లేగెల్ రాకముందు జర్మనులకు ఆ పనికి మాట లేకపోలేదు. నూర్చుట యను క్రియనుండి పుట్టిన "ద్రిషెల్" అను సొంతమాట వారికుండెను. అది దక్షిణ ప్రాంతముల మాండలికములలో నిలిచినది. సొంతమాటయు, వచ్చిన మాటయు ఒకే దేశమున పక్కపక్కనే కాపురముండును. ఈ విషయమును గుర్తుంచుకొనుడు. మన దేశమునను ఇదియే చూడబోవుచున్నాము.

ఇక మన పొలమునకు మరలుదము. మొదట మేడిని పరీక్షింతము. తెలుగున మేడి యనునది తమిళమున మేళి. ఇచ్చటి ళకారము "తమిళ్" అను పేరు చివర వినబడు విశిష్టమైన ధ్వని. తమిళమున ఆ ధ్వని యున్నచోట తెలుగున తరచుగా డకారము వచ్చును. వారి ఏళు మనకు ఏడు. వారి కోళి మనకు కోడి. అట్లే వారి మేళి మనకు మేడి. క్రమము తప్పలేదు. కావున మేడి ద్రావిడభాషల తల్లినుండి మనకు నేరుగా వచ్చిన ఆస్తి యని నిశ్చయముగా చెప్పవచ్చును.

నాగలి సంగతి అంత సులభము కాదు. ఈ మాట మనకే కాదు, చుట్టుపట్ల నందరికిని కలదు. తమిళులు నాంజిల్ అందురు. కన్నడిగులు నేగిలు అందురు. ఆదిలాబాదు అడవులలోని గోండులు నాంగేల్ అందురు; కొలాములు నాంగ్లి అందురు. మహారాష్ట్రులు నాంగర్ అందురు. వంగదేశీయులు లాంగల్ అందురు. సంస్కృతమున లాంగలము. ఋగ్వేదము నాలుగవ మండలమున క్షేత్రపతిని స్తుతించు సూక్తములోనే లాంగల శబ్దము కలదు. పురాణములలో బలరామునకు నాగలియే ఆయుధము. అందువలననే ఆయనకు హలాయుధుడనియు, లాంగలి యనియు పేర్లు వచ్చినవి.

మరి ఎవరు ఎవరినుండి గ్రహించిరి? "సంస్కృతమున లాంగలము వేదకాలమునుండి యున్నది గదా, మన నాగలి దాని తద్భవమే" అని మొదట తోచును. కాని ఇచ్చట ఒక చిక్కు కలదు. సంస్కృతమునకు గ్రీకు, లాటిన్ భాషలు సోదరీమణులు. లాటినున నాగలి అరాత్రుమ్, గ్రీకున అరోత్రోన్. ఇవి రెండును ఒక్కటే మాట. లాంగలమునకు మాత్రము ఆ సోదరీభాషలలో జత దొరకలేదు. సంస్కృత ధాతువులలోను దానికి తగిన పుట్టుక కానరాదు. ఇంటిలో ఒకరి పోలికయు లేని వ్యక్తిని చూచినపుడు, "ఈయన అతిథియా?" అని అడుగుదుము గదా!

అయినచో అది ద్రావిడమునుండి సంస్కృతమునకు పోయినదా? కొందరు పండితులు అట్లే తలంచిరి. మరికొందరు మూడవ యింటి తలుపు తట్టిరి. మన దేశమున ముండా భాషలని ఒక వర్గము కలదు. శ్రీకాకుళము కొండలలోని సవరల భాష ఆ వర్గమునకు చెందినదే. మన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఆ కొండజనుల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును రచించిరి. ఆ వర్గమునకే చెందిన సంతాలీ భాషలో నాగలిని నహేల్ అందురు. ముండా భాషలకు దూరపు బంధువులు మేఘాలయమునందలి ఖాసీ, కంబోడియా దేశమునందలి ఖ్మేరు భాషలు. ఖాసీలో లింగ్కోర్, ఖ్మేరులో అంగ్కల్ అను మాటలు నాగలికే పేర్లు. ఈ భాషలన్నింటిని కలిపి ఆస్ట్రో-ఆసియా కుటుంబమందురు. ఫ్రెంచి పండితుడు జాఁ ప్షిలుస్కి, డచ్చి పండితుడు కైపరు లాంగల శబ్దమునకు ఈ కుటుంబమే పుట్టినిల్లని వాదించిరి. తరువాతి పండితులలో పలువురు ఆ వాదమును అంగీకరించిరి. ఖ్మేరు భాష సంస్కృతమునుండి పెక్కు మాటలు గ్రహించినది కావున, ఒక్క ఖ్మేరు మాటనే నమ్ముకొనరాదు. కాని దూరదూరముగా నున్న ఇన్ని భాషలు ఒకే దిక్కు చూపుట ఉపేక్షింపదగినది కాదు.

మన నాగలి మొదటనున్న నకారమునకును ఒక కారణము చూపుదురు. ప్రాచీన ద్రావిడమున లకారముతో మొదలగు మాటలు లేవు. తెలుగున "లేదు", "లో" అను మాటలున్నవి గదా యందురేమో. తమిళమున అవి ఇల్లై, ఉళ్. అనగా మొదట అచ్చు ఉండి, తెలుగున స్థానము మారుటవలన లకారము ముందుకు వచ్చినది. అట్టి భాష మాటలాడువారి నోట పరాయి లకారము నకారముగా మారుట సహజము.

భూమియు ఈ కథకు సాక్ష్యమిచ్చుచున్నది. రాజస్థానమున కాలీబంగన్ అను చోట 1960వ దశకమున త్రవ్వకములు జరిగినవి. అందొక దున్నిన పొలము బయటపడెను. చాళ్ళు ఒకటికొకటి అడ్డముగా రెండు దిక్కుల నుండెను. అది క్రీస్తునకు పూర్వము సుమారు 2800 సంవత్సరముల నాటిదని నిర్ణయించిరి. ఋగ్వేద సూక్తములకంటె అది ఎన్నో వందల ఏండ్లు పాతది. అనగా వేదభాష ఈ దేశమున వినబడకముందే ఇచ్చటి జనులు నాగలి పట్టిరి. ఆ మొదటి రైతులు ఏ భాష మాటలాడిరో చెప్పుటకు వ్రాతలు లేవు. కాని తరువాత వచ్చినవారు, ముందే దున్నుచున్న వారినుండి పనిముట్టు పేరును గ్రహించుటలో ఆశ్చర్యమేమున్నది? పని నేర్పినవాని మాట పనితోపాటే వచ్చును.

కావున మన నాగలిలో ఒక చిత్రము కలదు. రైతు చేతికి తగులు మేడి పేరు మన పూర్వులది. మొత్తము పనిముట్టు పేరు బహుశః ఏ కొండజాతి రైతునుండియో వచ్చి, మూడు భాషాకుటుంబములలో స్థిరపడినది. వేదము దానిని సూక్తములో చేర్చుకొన్నది. బలరాముడు భుజమున ధరించెను. తెలుగు రైతు పసుపు కుంకుమలతో పూజించెను. నేడు మనము చిన్నచూపు చూచు అడవిజనుల పూర్వులే దాని పేరును మనకిచ్చి యుండిరన్నచో, మన గర్వము కొంత తగ్గవలెను; మన కృతజ్ఞత కొంత పెరుగవలెను. అరువు తెచ్చుకొన్న మాటవలన భాషకు లోపము లేదు. ధాన్యపు అప్పు తీర్పవలెను. మాట అప్పు తీర్పనక్కరలేదు, ఇచ్చినవారికి తరుగును లేదు.

జర్మనుల ద్రిషెల్ మాట గుర్తున్నది గదా. మన తెలుగునేలపైన సైతము నాగలి యొక్కటే ఏలుబడి సేయుట లేదు. రాయలసీమ రైతు మడక యనును. కృష్ణా, గుంటూరు ప్రాంతములలోను, తెలంగాణమునను అరక యనుట కద్దు. ఇట్టి మాటలు నిఘంటువులలో చాలకాలము చోటు చేసికొనలేదు. కావ్యములలో లేని మాట మాటయే కాదని పెద్దలు కొందరు తలంచిరి. ఈ లోపమును తీర్చుటకు ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు పూనుకొనిరి. వారు 1928లో ఒంగోలున జన్మించిరి, ద్రావిడభాషల చరిత్రను గూర్చి వ్రాసి ప్రపంచఖ్యాతి నార్జించిరి, 2012లో దివంగతులైరి. వారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో "మాండలిక వృత్తి పదకోశము" మొదటి సంపుటమును ప్రకటించినది. అది కేవలము వ్యవసాయ పదముల కోశము. ఒకే పనిముట్టునకు ఏ సీమలో ఏ పేరు కలదో పల్లెలలోని రైతులనే అడిగి వ్రాసికొని, అందు పొందుపరచిరి. పండితుడు రైతు ముందు కూర్చుండి పాఠము విన్నాడు; ఆ గ్రంథము గొప్పతన మదియే.

ఆ పని ఆ కాలమున జరుగుట మన భాగ్యము. ఏలయనగా, తరువాత పొలముల స్వరూపమే మారిపోయినది. నేడు అనేక గ్రామములలో ఎడ్లకు బదులు ట్రాక్టరు దున్నుచున్నది. ఈ "ట్రాక్టరు" అను మాట ఎక్కడిది? లాగుట యను అర్థముగల లాటిన్ ధాతువునుండి పుట్టి, ఆంగ్లము ద్వారా మన పొలములోనికి వచ్చినది. నాడు జర్మను రైతు కళ్ళములోనికి నడచి వచ్చిన లాటిన్ నేడు తెలుగు రైతు చేనిలోనికి యంత్రముపై కూర్చుండి వచ్చినది! మన రైతు దానిని చక్కగా అజంతము చేసి, "ట్రాక్టరు, ట్రాక్టర్లు, ట్రాక్టరుతో" అని తన మాటగా చేసికొన్నాడు. వేల యేండ్లక్రిందట నాగలికి ఏమి జరిగెనో, అది మన కన్నులయెదుటనే మరల జరుగుచున్నది.

క్రొత్తమాట వచ్చుట దోషము కాదు. పాతమాట ఎవ్వరును గమనింపకుండ పోవుటయే నష్టము. ఎడ్లు పోయినచో కాడి పోవును. కాడి పోయినచో ఆ పేరు పోవును. ఆ పేరుతో, అది చెప్పవలసిన సాక్ష్యమును పోవును. మేడి యను ఒక్కమాట లేకున్న, పై నిదర్శనములో సగము మనకు దొరికెడిది కాదు.

విద్యార్థులారా! ఈ పనిలో మీకును భాగము కలదు. సెలవులలో పల్లెకు పోయినపుడు వృద్ధులైన రైతుల చెంతకు వినయముతో చేరుడు. అటుకమీదనో, పశువులపాకలోనో మూలపడియున్న నాగలిని చూపుమని వేడుడు. దాని ఒక్కొక్క భాగమును తాకి, "తాతా, దీనిని మీ ఊర ఏమందురు?" అని అడుగుడు. వారు చెప్పిన మాటను వారు పలికినట్లే, దిద్దక, ఊరిపేరుతో కూడ ఒక పుస్తకమున వ్రాసికొనుడు. అది తప్పుమాట యని నవ్వకుడు. ఫ్లేగెల్ రహస్యమును విప్పినది ఒక్క అక్షరమే యని మరవకుడు. ఏ మూల గ్రామమునందలి ముసలి రైతు పలికిన ఏ అక్షరములో మన దేశచరిత్రకు చెందిన ఏ సత్యము దాగియున్నదో ఎవరెరుగుదురు?